గాలిమర విమానం చేసిన హువాన్ సియెర్వా

విమానం ఎవరు కనిపెట్టారు అని అడిగితే రైట్ సోదరులు అని మనమందరం ఠక్కున చెబుతాం. హెలికాప్టరు ఎవరు చేశారు అంటే సికోర్‌స్కీ అని జి.కె. బాగా చదివినవాళ్ళు చెబుతారు. కానీ ఈ రెండింటికీ మధ్యలో ఇంకో ఎగిరే యంత్రం ఉంది. దాని సంగతి మన పాఠ్యపుస్తకాల్లో లేదు. దాని పేరు ఆటోజైరో. జైరోప్లేన్ అని కూడా అంటారు. పైన హెలికాప్టరు లాగా గిరగిరా తిరిగే రెక్కలుంటాయి. ముందో వెనకో విమానం లాగా ఒక పంకా ఉంటుంది. విదేశాల్లో దీన్ని ఇంటి వెనక షెడ్డులో సొంతంగా చేసుకుని ఎగిరే సామాన్యులు కూడా ఉన్నారు. దీన్ని కనిపెట్టినవాడు స్పెయిన్ దేశానికి చెందిన హువాన్ దె లా సియెర్వా. ఆయన మొదలుపెట్టింది కూడా మన వయసులోనే, వడ్రంగి కొట్లోనే. ఆయన జీవితం తెలుసుకుందాం.

బాల్యం

హువాన్ దె లా సియెర్వా 1895వ సంవత్సరం సెప్టెంబరు 21వ తేదీన స్పెయిన్‌లోని ముర్సియా పట్టణంలో జన్మించాడు. తండ్రి పేరు కూడా హువానే. ఆయన పెద్ద వకీలు, రాజకీయ నాయకుడు. చాలాసార్లు మంత్రి పదవి చేశాడు. కాబట్టి మన హువాన్‌కు తిండికీ బట్టకూ లోటు లేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, గొప్పవాళ్ళ కథలన్నీ కటిక పేదరికంతోనే మొదలవుతాయని మనం అనుకుంటాం. ఈ కథ అలా కాదు. అయినా ఇందులో ఒక వడ్రంగి కొడుకు ఉన్నాడు. అతన్ని మాత్రం మర్చిపోకండి.

రైట్ సోదరులు అమెరికాలో 1903లో ఎగిరారు గదా! ఆ వార్తలు యూరప్ అంతా పాకేసరికి అయిదారేళ్ళు పట్టింది. 1910లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో మొదటిసారి విమానం ఎగిరింది. అప్పటికి హువాన్‌కు 15 ఏళ్ళు కూడా నిండలేదు. మన లెక్క ప్రకారం తొమ్మిదో తరగతి పిల్లవాడు. అప్పటినుంచి అతనికి విమానం పిచ్చి పట్టుకుంది. మొదట కాగితాలతో, సన్న పుల్లలతో బొమ్మ విమానాలు చేశాడు. తర్వాత మనిషి ఎక్కే గ్లైడర్లు చేయడం మొదలుపెట్టాడు. గ్లైడర్ అంటే ఇంజను లేకుండా గాలి మీద జారే విమానం.

ముగ్గురు స్నేహితులు, ఒక ఎర్ర పీత

హువాన్‌కు ఇద్దరు స్నేహితులు కలిశారు. ఒకరు హోసె బార్కాలా. రెండోవాడు పాబ్లో దియాస్. ఈ పాబ్లోయే వడ్రంగి కొడుకు. వాళ్ళ నాన్నకు మాడ్రిడ్‌లో వడ్రంగి కొట్టు ఉండేది. రంపం, బాడిస, చిత్రిక, జిగురు అన్నీ అక్కడే. విమానం గురించి పుస్తకాలు చదివింది హువాన్ అయితే, చెక్క ఎటు చీలుతుందో, ఏ చెక్క బరువు మోస్తుందో తెలిసినవాడు పాబ్లో. ముగ్గురూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి బి.సి.డి. అని పేరు పెట్టారు. బార్కాలా, సియెర్వా, దియాస్ అన్నమాట. మంత్రి కొడుకు పేరు ముందు రాయలేదు చూడండి! అక్షరక్రమంలోనే రాశారు.

ఆ రోజుల్లో జాన్ మోవే అనే ఫ్రెంచి పైలట్ మాడ్రిడ్‌లో ఉండేవాడు. ఆయన విమానం ఒకటి కూలి ముక్కలయింది. ఇంజను మాత్రం బాగానే ఉంది. కుర్రాళ్ళు ఆ శకలాలు తీసుకుని కొత్త విమానం కట్టడానికి సిద్ధపడ్డారు. కట్టిన తర్వాత నడపవలసింది ఆ మోవేయే. ఒక పెద్ద పైలట్ ఈ కుర్రాళ్ళ చేతిపని నమ్మి తన ప్రాణం పెట్టడానికి ఒప్పుకున్నాడంటే వాళ్ళ పని ఎంత శ్రద్ధగా ఉండి ఉండాలి! ముందు తిరిగే పంకా చెక్కడానికి మంచి గట్టి చెక్క కావలసి వచ్చింది. ఒక పాత సారాకొట్టు బల్ల చెక్క తెచ్చి దానితో పంకా చెక్కారని చెబుతారు. ఏళ్ళ తరబడి ఎండిన చెక్క కాబట్టి అది వంకర పోదని వాళ్ళ లెక్క. మన ఊళ్ళో నాగలి చేసేవాళ్ళు కూడా పచ్చి కర్ర వాడరు గదా.

విమానానికి ఎర్రరంగు వేశారు. అందుకని దానికి ఎల్ కంగ్రేహో అని పేరు వచ్చింది. స్పానిష్ భాషలో ఆ మాటకు పీత అని అర్థం. 1912లో ఆ ఎర్ర పీత మాడ్రిడ్ దగ్గర క్వాత్రో వియెంతోస్ మైదానంలో ఎగిరింది. మోవే నడిపాడు. అది ఇద్దరు కూర్చునే విమానం. స్పెయిన్ దేశంలో కట్టి ఎగిరిన తొలి విమానాల్లో అదొకటి. హువాన్‌కు అప్పటికి 17 ఏళ్ళు కూడా నిండలేదు. మర్నాటి ఏడు 1913లో ఇంకొక విమానం కట్టారు. దాని పేరు బి.సి.డి.-2. అది మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు, కూలిపోయింది. అందరివీ చదువులు, దారులు వేరై సంఘం కూడా అక్కడితో ఆగింది.

పెద్ద విమానం కూలిపోవుట

హువాన్ మాడ్రిడ్‌లో సివిల్ ఇంజనీరింగు చదివాడు. అంటే రోడ్లు, వంతెనలు కట్టే చదువు. విమానాల చదువు అప్పుడు అక్కడ లేదు. గణితం బాగా నేర్చుకున్నాడు. ఆ గణితమే తర్వాత అక్కరకు వచ్చింది.

స్పెయిన్ సైన్యం కొత్త విమానాల కోసం ఒక పోటీ పెట్టింది. హువాన్ మూడు ఇంజన్లున్న ఒక పెద్ద బాంబరు విమానం తయారు చేశాడు. 1919లో దాన్ని పరీక్షించారు. బాగానే లేచింది. కానీ నేలకు దగ్గరగా మలుపు తిప్పుతుండగా వేగం తగ్గి, విమానం కూలి ముక్కలయిపోయింది. పైలట్ అదృష్టవశాత్తూ బతికి బయటపడ్డాడు. డబ్బంతా మట్టిలో కలిసింది.

ఇక్కడ మనం ఒక సంగతి తెలుసుకోవాలి. మామూలు విమానం రెక్క ఎందుకు మోస్తుంది? దాని మీదుగా గాలి వేగంగా పోతుంది కాబట్టి. గాలి పోవాలంటే విమానం ముందుకు పరుగెత్తుతూ ఉండాలి. వేగం ఒక హద్దు కంటే తగ్గిందా, రెక్క మోయడం మానేస్తుంది. విమానం రాయి లాగా పడుతుంది. దీన్ని స్టాల్ అంటారు. ఆ రోజుల్లో ఎంతమంది పైలట్లు చచ్చిపోయారంటే, అందులో చాలా చావులు ఇలా వేగం తగ్గి పడిపోవడం వల్లనే.

ఇంకొకరయితే పైలట్ తప్పు అని సరిపెట్టుకునేవాళ్ళు. హువాన్ అలా అనుకోలేదు. మనిషి ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉంటే చంపేసే యంత్రం మంచి యంత్రం కాదు, యంత్రాన్నే మార్చాలి అని ఆలోచించాడు. విమానం ఆగినా రెక్క మాత్రం ఆగకూడదు. విమానం ఎంత మెల్లగా పోయినా రెక్కకు గాలి అందుతూనే ఉండాలి. ఎలా? రెక్కనే తిప్పితే! ఆయన మిగతా జీవితమంతా ఈ ఒక్క ఆలోచన చుట్టూనే తిరిగింది.

తాటాకు గిరక సూత్రం

మనం చిన్నప్పుడు తాటాకు ముక్కలు మడిచి, తుమ్మ ముల్లు గుచ్చి గిరక చేసేవాళ్ళం. ఎదురుగాలికి పట్టుకుని పరుగెత్తితే అది గిరగిరా తిరుగుతుంది. దాన్ని ఎవరూ తిప్పడం లేదు, ఇంజను లేదు. మన పరుగే దాన్ని తిప్పుతుంది. ఆటోజైరో కూడా అంతే. ముందున్న పంకాను ఇంజను తిప్పుతుంది. ఆ పంకా యంత్రాన్ని ముందుకు లాగుతుంది. అప్పుడు ఎదురుగాలి కొంచెం వెనక్కి వాలి ఉన్న పై రెక్కల్లోకి కింది నుంచి పైకి దూరి వాటిని తిప్పుతుంది. తిరిగే రెక్కలు బరువు మోస్తాయి. హెలికాప్టరులో ఇంజనే పై రెక్కల్ని తిప్పుతుంది, గాలి పై నుంచి కిందికి పోతుంది. ఇదీ రెండింటికీ తేడా. పరీక్షలో అడగరు గానీ గుర్తుపెట్టుకోండి.

మరి ఎగురుతుండగా ఇంజను ఆగిపోతే? యంత్రం కిందికి దిగుతుంది. దిగుతుంటే గాలి కింది నుంచి పైకి తగులుతుంది. కాబట్టి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. మెల్లగా నేల మీద వాలుతుంది. అడవిలో గుగ్గిలం చెట్టు కాయ చూశారు గదా! దానికి అయిదు రెక్కలుంటాయి. రాలేటప్పుడు గిరగిరా తిరుగుతూ నెమ్మదిగా దిగుతుంది. సరిగ్గా అదే పద్ధతి.

మూడు యంత్రాలు బోర్లాపడుట

హువాన్ 1920లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆటోజైరో అనే పేరు కూడా ఆయనే పెట్టాడు. ఆలోచన బాగానే ఉంది. కానీ యంత్రం మాట వినలేదు.

మొదటి యంత్రం సి-1. ఒక పాత విమానం మొండెం మీద రెండు గాలిమరలు, ఒకదాని పైన ఒకటి, ఎదురెదురు దిశల్లో తిరిగేటట్లు పెట్టాడు. పైది వేగంగా తిరిగింది, కిందిది నెమ్మదిగా తిరిగింది. సమతూకం కుదరలేదు, ఎగరనేలేదు. తర్వాత ఒకే గాలిమరతో సి-3, సి-2 చేశాడు. అవి నేల మీద పరుగెత్తి కొంచెం లేవబోతుండగానే ఒక పక్కకు ఒరిగి బోర్లా పడేవి. రెక్కలు విరిగేవి. బాగు చేసేవాళ్ళు. మళ్ళీ విరిగేవి. ఇలా మూడేళ్ళు గడిచాయి. ఖర్చు సొంతమే.

ఎందుకు ఒరుగుతున్నది? లెక్క చేసి చూద్దాం. రెక్క గంటకు 200 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నదనుకోండి. యంత్రం 60 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతున్నదనుకోండి. ఒక పక్క రెక్క ముందుకు వస్తుంటుంది. దానికి తగిలే గాలి వేగం 200కు 60 కలిపితే 260. రెండో పక్క రెక్క వెనక్కి పోతుంటుంది. దానికి తగిలేది 200లో 60 తీసేస్తే 140 మాత్రమే. రెక్క మోసే బలం వేగం యొక్క వర్గాన్ని బట్టి ఉంటుంది. 260 వర్గం 67,600. 140 వర్గం 19,600. అంటే ఒక పక్క బలం రెండో పక్క కంటే మూడు రెట్లకు పైనే! కావడికి ఒక పక్క మూడు కుండలు, రెండో పక్క ఒక్క కుండ కట్టినట్టు. ఒరగక ఏం చేస్తుంది?

పేము బెత్తం చెప్పిన పాఠం

విచిత్రం ఏమిటంటే, హువాన్ ఇంట్లో చేసిన చిన్న నమూనా మాత్రం చక్కగా ఎగిరేది. రబ్బరు మెలితో తిరిగే బొమ్మ అది. అదే ఆకారం, అదే సూత్రం. బొమ్మ ఎగురుతుంది, పెద్దది బోర్లా పడుతుంది. తేడా ఎక్కడుంది? ఆయన ఆ బొమ్మను మళ్ళీ మళ్ళీ చూశాడు. బొమ్మ రెక్కలకు వాడింది పేము. మన బుట్టలకూ కుర్చీలకూ వాడే పేమే. అది వంగుతుంది. పెద్ద యంత్రం రెక్కలు గట్టిగా బిగించి ఉన్నాయి, వంగవు. కిటుకు అక్కడే ఉంది!

వంగే రెక్క ఏం చేస్తుంది? ముందుకొచ్చే పక్క గాలి ఎక్కువై రెక్క పైకి లేస్తుంది. లేచేటప్పుడు గాలి తగిలే కోణం తగ్గుతుంది, బలం తగ్గుతుంది. వెనక్కిపోయే పక్క రెక్క కిందికి వాలుతుంది. వాలేటప్పుడు కోణం పెరుగుతుంది, బలం పెరుగుతుంది. రెండు పక్కలా తూకం దానంతట అదే సరిపోతుంది. ఇది గ్రహించి హువాన్ 1922లో ప్రతి రెక్క మొదట్లో ఒక కీలు పెట్టాడు. తలుపుకు బందు పెట్టినట్టే. రెక్క పైకీ కిందికీ స్వేచ్ఛగా ఊగుతుంది.

కీలు పెడితే రెక్క పైకి ముడుచుకుపోదా అని సందేహం రావచ్చు. రాదు. వడిసెలలో రాయి పెట్టి తిప్పుతాం గదా, తాడు మెత్తనిదే అయినా తిరిగేటప్పుడు కర్ర లాగా బిగుసుకుంటుంది. రెక్క కూడా తిరిగే వేగానికి అలాగే బిగుసుకుని ఉంటుంది. గట్టిగా బిగిస్తే పడిపోయింది, కొంచెం వదులిస్తే నిలబడింది. ఈ కీలు ఇప్పటికీ ఎన్నో హెలికాప్టర్లలో ఉంది.

గాలిలోకి లేచెను

కీళ్ళున్న నాలుగు రెక్కలతో చేసిన యంత్రం సి-4. 1923 జనవరి నెలలో మాడ్రిడ్ దగ్గర గెతాఫె మైదానంలో లెఫ్టినెంట్ అలెహాండ్రో గోమెజ్ స్పెన్సర్ దాన్ని నడిపాడు. ఒరగలేదు. బోర్లా పడలేదు. నిటారుగా, నిదానంగా ఎగిరింది! లోకంలో ఆటోజైరో ఎగరడం అదే మొదలు.

కొద్ది రోజులకే ఇంకో సంఘటన జరిగింది. పైకి లేస్తుండగా ఇంజను ఆగిపోయింది. మామూలు విమానం అయితే అక్కడే ఆఖరు. సి-4 మాత్రం గుగ్గిలం కాయ లాగా మెల్లగా దిగి నేల మీద నిలబడింది. పైలట్‌కు ఏమీ కాలేదు, యంత్రానికీ ఏమీ కాలేదు. నాలుగేళ్ళ కిందట ఏ ఆపద చూసి ఆయన ఈ పని మొదలుపెట్టాడో, ఆ ఆపదే వచ్చింది, ఏమీ చేయలేక పోయింది. ఎవరూ ఏర్పాటు చేయని పరీక్ష అది. అదే నెల 31వ తేదీన క్వాత్రో వియెంతోస్‌లో సి-4 నాలుగు కిలోమీటర్ల చుట్టు తిరిగి వచ్చింది. 1924 డిసెంబరులో సి-6 అనే యంత్రం క్వాత్రో వియెంతోస్ నుంచి గెతాఫె వరకు పది కిలోమీటర్లకు పైగా దూరం సుమారు ఎనిమిది నిమిషాల్లో పోయింది.

ఆ తొలి యంత్రాలకు రెక్కలు తిప్పడం ఎలా మొదలుపెట్టేవారో తెలుసా? రెక్కల మొదట్లో తాడు చుట్టి, మనుషులు పట్టుకుని లాగేవారు. మనం బొంగరం తిప్పినట్టే! ఇంజనుతో తిప్పి వదిలే ఏర్పాటు ఆ తర్వాత వచ్చింది.

ఇంగ్లండులో

1925 అక్టోబరులో హువాన్ తన యంత్రాన్ని ఇంగ్లండుకు తీసుకుపోయి ఫార్న్‌బరోలో చూపించాడు. జేమ్స్ వెయిర్ అనే స్కాట్లండు పారిశ్రామికవేత్త పెట్టుబడికి ముందుకు వచ్చాడు. 1926లో సియెర్వా ఆటోజైరో కంపెనీ ఏర్పడింది.

కష్టాలు అయిపోలేదు. 1927 ఫిబ్రవరిలో ఫ్రాంక్ కోర్ట్నీ అనే పైలట్ నడుపుతుండగా గాలిలోనే ఒక రెక్క ఊడిపోయింది. ఆయన ప్రాణం దక్కించుకున్నాడు. రెక్కలు పైకీ కిందికీ మాత్రమే కాదు, తిరిగేటప్పుడు ముందుకూ వెనక్కూ కూడా గుంజుకుంటాయి, అందువల్ల మొదట్లో లోహం అలిసిపోయి విరుగుతుంది అని తేలింది. హువాన్ అప్పుడు రెండో కీలు పెట్టాడు. ఇంకొక సంగతి, ఇంతవరకు ఆయనకు విమానం నడపడం రాదు! తన యంత్రాన్ని ఇంకొకరి చేతికిచ్చి కింద నిలబడి చూసేవాడు. ఆ 1927లోనే తాను కూడా నేర్చుకున్నాడు. ఆ తర్వాత పరీక్షలు చాలావరకు తానే చేసేవాడు.

1928 సెప్టెంబరు 18వ తేదీన హువాన్ స్వయంగా నడుపుతూ, ఒక ఫ్రెంచి పత్రికా సంపాదకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, లండన్ నుంచి ఇంగ్లీషు చానల్ దాటి పారిస్ చేరాడు. తిరిగే రెక్కల యంత్రం సముద్రం దాటడం అదే మొదటిసారి. అమెరికాలో హెరాల్డ్ పిట్‌కేర్న్ అనే ఆయన లైసెన్సు తీసుకుని ఆటోజైరోలు చేశాడు. 1931 ఏప్రిల్‌లో వాటిల్లో ఒకటి అమెరికా అధ్యక్షుని భవనం ముందు పచ్చిక మీద దిగింది. అదే నెలలో ఎమీలియా ఎర్‌హార్ట్ అనే ప్రసిద్ధ మహిళా పైలట్ ఆటోజైరోలో 18,415 అడుగుల ఎత్తుకు పోయి రికార్డు పెట్టింది. 1934 మార్చి 7వ తేదీన హువాన్ సి-30 యంత్రాన్ని స్పెయిన్ నౌకాదళానికి చెందిన దెదాలో ఓడ మీద దించి, మళ్ళీ అక్కడినుంచే ఎగిరాడు. ఈ సి-30కి పక్క రెక్కలు కూడా లేవు. పై గాలిమరనే ఎటు వంచితే అటు పోతుంది.

చివరి సంవత్సరం

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం కష్టమైన సంగతి. అయినా చెప్పాలి. లేకపోతే జీవితచరిత్ర పొగడ్త అయిపోతుంది.

1936లో స్పెయిన్‌లో ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం మీద సైన్యాధికారులు తిరుగుబాటు చేశారు. జనరల్ ఫ్రాంకో అప్పుడు కానరీ దీవుల్లో ఉన్నాడు. ఆయన్ని మొరాకోకు చేర్చడానికి ఇంగ్లండు నుంచి ఒక విమానం రహస్యంగా కిరాయికి మాట్లాడారు. దాన్ని కుదర్చడంలో హువాన్ సాయం చేశాడు. ఆ తిరుగుబాటు అంతర్యుద్ధం అయింది. 1939 దాకా సాగింది. లక్షలమంది చనిపోయారు. ఫ్రాంకో 1975లో చనిపోయేవరకూ నియంతగా పాలించాడు. హువాన్ తమ్ముడు రికార్డోను 1936 నవంబరులో మాడ్రిడ్ దగ్గర అవతలి పక్షం వాళ్ళు కాల్చి చంపారు. రెండు వైపులా రక్తమే.

ఒక్క పైలట్ ప్రాణం కూడా పోకూడదని పదిహేడేళ్ళు కష్టపడిన మనిషి, ఇంత రక్తం పారిన పనికి ఒక చెయ్యి వేశాడు. యుద్ధం అంత దూరం పోతుందని ఆయన అనుకున్నాడో లేదో గానీ, చేసిన పని మాత్రం చేసినట్టే. ఇటీవలి సంవత్సరాల్లో ముర్సియా విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టాలా వద్దా అని స్పెయిన్‌లో పెద్ద వాదన జరిగింది. ఆయన కనిపెట్టింది చూడాలని కొందరు, ఆయన చేసింది చూడాలని కొందరు. రెండూ నిజమే కాబట్టి రెండూ ఇక్కడ రాశాను.

1936 డిసెంబరు 9వ తేదీ ఉదయం లండన్ దగ్గర క్రాయ్‌డన్ విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. హువాన్ ఆమ్‌స్టర్‌డామ్ పోయే విమానం ఎక్కాడు. అది ఆయన యంత్రం కాదు, మామూలు ప్రయాణికుల విమానం. లేచిన కొద్ది క్షణాల్లోనే దారి తప్పి ఇళ్ళను ఢీకొని కూలింది. 17 మందిలో 15 మంది చనిపోయారు. వారిలో హువాన్ దె లా సియెర్వా ఒకడు. అప్పటికి ఆయన వయసు 41 ఏళ్ళు మాత్రమే.

ఆయన తర్వాత

ఆయన కీళ్ళ రెక్కలే హెలికాప్టరుకు దారి చూపాయి. తర్వాత కొన్నేళ్ళలోనే హెలికాప్టర్లు వచ్చేశాయి. నిలబడినచోటే పైకి లేవగలిగినవి వచ్చాక ఆటోజైరోను పెద్ద కంపెనీలు వదిలేశాయి. అప్పుడు దాన్ని పట్టుకున్నది ఎవరు? ఇంటి దగ్గర పనిముట్లతో చేసుకునేవాళ్ళు.

రష్యాలో 1917లో పుట్టి అమెరికా చేరిన ఇగోర్ బెన్సన్ అనే ఇంజనీరు 1950లలో చాలా సులువైన జైరోప్లేన్ తయారు చేశాడు. కొన్ని లోహపు గొట్టాలు, ఒక కుర్చీ, మూడు చక్రాలు, వెనక చిన్న ఇంజను, పైన రెండే రెక్కలు. బడి ఆటస్థలంలో ఇద్దరు పిల్లలు చెరో చివర కూర్చుని ఊగే బల్ల ఉంటుంది గదా, రెక్కలు రెండూ అలా ఒకటి లేస్తే ఒకటి వాలేటట్లు మధ్యలో ఒకే కీలు పెట్టాడు. సియెర్వా సూత్రమే, ఇంకా తేలిక చేశాడు. దాని ప్లానులు, విడిభాగాలు పోస్టులో అమ్మాడు. వేలమంది మెకానిక్కులు, రైతులు, ఉద్యోగులు తెప్పించుకున్నారు. ముందు ఇంజను లేకుండా కారు వెనక తాడు కట్టి లాగించుకుని నేర్చుకోవాలి, తర్వాతే ఇంజను పెట్టుకోవాలి. బెన్సన్ 2000 సంవత్సరంలో చనిపోయాడు.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. సొంతంగా చేసుకుని, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఎగిరినవాళ్ళు చాలామంది చనిపోయారు. గాలిలో కర్రను ఒక్కసారి ముందుకు తోస్తే రెక్కల్లోకి గాలి దూరడం ఆగుతుంది, రెక్కలు నెమ్మదిస్తాయి, ఇక తిరిగి పుంజుకోవు. హువాన్ యంత్రం స్టాల్ కాదు గానీ, తెలియనితనాన్ని ఏ యంత్రమూ కాపాడలేదు. కాబట్టి ఇది చదివి ఎవరైనా గొడుగో తాటాకో పట్టుకుని హాస్టలు డాబా ఎక్కితే వార్డెన్ సారు నన్ను అడుగుతారు. దయచేసి ఎక్కకండి!

మనం ఏం నేర్చుకోవచ్చు

మొదటిది, పడిపోయినప్పుడు ఎవరిది తప్పు అని కాకుండా ఎందుకు పడింది అని అడగడం. రెండోది, లెక్కలు. వర్గాలు ఎందుకు నేర్చుకోవాలి అని విసుక్కునేవాళ్ళు 260, 140 లెక్క ఇంకోసారి చేసి చూడండి. మూడోది, చేతిపని తెలిసినవాడి విలువ. పుస్తకాల్లో హువాన్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. బి.సి.డి.లోని ఆ చివరి అక్షరం, వడ్రంగి కొడుకు పాబ్లో దియాస్ పేరు, చాలాచోట్ల ఉండదు. కానీ ఎర్ర పీత అతని చేతుల్లోంచి కూడా ఎగిరింది. మన ఇళ్ళల్లో బుట్ట అల్లేవాళ్ళు, విల్లు వంచేవాళ్ళు, నాగలి చేసేవాళ్ళు ఉన్నారు. పేము ఎంత వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో వాళ్ళకు బాగా తెలుసు. ఆ మాట హువాన్‌కు ఒక బొమ్మ చెప్పేదాకా మూడేళ్ళు పట్టింది.

ఆదివారం నాడు ఒక పని చేయండి. సన్నని పొడుగాటి కాగితం తీసుకుని, సగం దాకా నిలువుగా చించి, రెండు ముక్కల్ని చెరో పక్కకు మడవండి. కింద ఒక చిన్న పుల్లో గుండుసూదో గుచ్చండి. చెయ్యెత్తి వదలండి. తిరుగుతూ దిగుతుంది. తర్వాత రెక్కలు కురచ చేసి చూడండి, బరువు పెంచి చూడండి. ఏది నిదానంగా దిగిందో రాసి సైన్సు సారుకు చూపించండి. బాగా వచ్చినవి ఈ గోడపత్రిక పక్కనే అంటిద్దాం.